గౌసియా బీ పెట్టెకు వేసిన తాళం

రేణిగుంట రైలు గేటు పక్క సందులో గౌసియా బీ కొట్టుకు పోయినవాడెవడూ మాట పడకుండా తిరిగి రాలేదు. రేడియో తెచ్చినవాణ్ణి ముందు తిట్టేది, ఆ తర్వాత రేడియో విప్పేది. వేరే మెకానిక్కు చేత అతుకులు వేయించుకుని, అవి ఊడిపోయాక ఆమె దగ్గరికి వచ్చినవాడికి ఇంకాస్త ఎక్కువ పడేది. "ఇది అతుకా, కాకిరెట్టా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా దాన్ని కరిగించి ఊదేసేది. ఆమె వేసిన అతుకు చిన్నగా, మెరుస్తూ, జొన్నగింజలా ఉండేది. అది ఊడిందని మళ్లీ తెచ్చినవాడు లేడు. ఆమెను మంచి మనిషి అన్నవాళ్లు లేరు. పని రాదన్నవాళ్లూ లేరు.

భర్త నాయబ్ రసూల్ బతికి ఉన్నప్పుడు కొట్టు ఆయనదే. వెనక గదిలో వంట చేసుకుంటూ తెర సందులోంచి చూసి ఆమె పని నేర్చుకుంది. ఆయన పోయిన తరువాత మరిది వచ్చి, ఆడమనిషి కొట్టులో కూర్చుంటే గౌరవంగా ఉండదు, తాళాలు ఇచ్చెయ్యమన్నాడు. ఆమె చేతిలో కాలుతున్న సోల్డరింగు ఇనుము ఉంది. తాళాలు నడుముకున్నాయి, వచ్చి తీసుకోమంది. మరిది దగ్గరికి రాలేదు. తరువాత రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీలు పలచబడి సెల్‌ఫోను ఛార్జర్లు వచ్చాయి. ఎండాకాలంలో బోరు మోటార్ల స్టార్టర్లు వచ్చేవి. మొగిలికండ్రిగ వాళ్లకు ఆమె తెలిసింది ఆ స్టార్టర్ల వల్లనే.

మొగిలికండ్రిగ ఏర్పేడు అవతల చిన్న ఊరు. మిట్ట మీద మునిరామయ్య వర్గం, పల్లంలో చంద్రకాంతమ్మ వర్గం. బోర్లు ఎవరివి వాళ్లవే గానీ భూమి కింద నీళ్లు మాత్రం ఒకటే. ఒకరు లోతుగా వేస్తే ఇంకొకరు ఇంకా లోతుగా వేశారు. తలలు పగిలాయి. స్టేషనుకు పోయారు. అక్కడ ఒక ఒప్పందానికి వచ్చారు: నీళ్లు ఒక గుర్తు కన్నా కిందికి దిగిన బోరుకు మోటారు ఆపెయ్యాలి. అయితే నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పేదెవరు? ఒకరి మాట ఒకరు నమ్మరు.

దానికి ఉపాయం చెప్పినవాడు చక్రధర్. ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ప్రతి బోరు మీదా ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో నీటిమట్టం చూసే తీగ, అరచేతిలో పట్టే రేడియో, రెండు పెన్సిల్ సెల్లు. పెట్టె ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. అప్పుడప్పుడు లేచి, నీళ్లు చూసి, ఆ సంగతి పక్క బోరు మీది పెట్టెకు చెప్పి మళ్లీ పడుకుంటుంది. ఆ పెట్టె దాని పక్కదానికి చెబుతుంది. అలా చేతులు మారుతూ కబురు పాలకేంద్రంలో ఉన్న పెద్ద పెట్టెకు చేరుతుంది. పాలకేంద్రం గోడ మీది బోర్డులో ఏ బోరులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో ఎర్ర అంకెల్లో కనిపిస్తుంది. పాలు పోయడానికి వచ్చిన వాళ్లందరూ చదువుకోవచ్చు. పెట్టె లోపల నడవాల్సిన లెక్క, అంటే ప్రోగ్రాము, చక్రధర్ రాశాడు. పెట్టెలు చేసింది, బోర్ల మీద బిగించింది గౌసియా బీ.

మొదటి ఏడే మోసం జరిగింది. మునిరామయ్య తమ్ముడి కొడుకు జయరామ్ మద్రాసు నుంచి అదే రకం రేడియో తెప్పించి, చంద్రకాంతమ్మ బోరు పేరు పెట్టి, నీళ్లు గుర్తు కన్నా దిగిపోయాయని గాలిలోకి కబురు వదిలాడు. బోర్డు దాన్ని నమ్మింది. ఆమె మోటారు ఆపేశారు. ఆమె దారానికి రాయి కట్టి బోరులోకి వదిలి, తడిసిన దారాన్ని పాలకేంద్రానికి తెచ్చి అందరి ముందూ పరిచింది. జయరామ్ రేడియో గడ్డివాములో దొరికింది. మళ్లీ స్టేషను.

ఈసారి రాసుకున్న ఒప్పందం ఇంకా కఠినంగా ఉంది. పెట్టెలకు లక్క సీలు వెయ్యాలి. రెండు వర్గాల వాళ్లూ ఎదురుగా ఉంటే తప్ప సీలు తియ్యకూడదు. పెట్టె మూగబోతే దాని యజమాని ఏదో చేశాడనే లెక్క. వెంటనే ఆ మోటారు ఫ్యూజులు ఊడబీకి పాలకేంద్రం బీరువాలో పెట్టాలి. ఇక పెట్టెలు మాట్లాడే మాటకు తాళం వెయ్యాలి. దొంగ కబురు లోపలికి రాకూడదు. ఇంతవరకు న్యాయమే. మునిరామయ్య మరొకటి కోరాడు. తన బోరు కబురు చంద్రకాంతమ్మ పెట్టె మీదుగా పోతుంది కాబట్టి, దారిలో ఆమె దాన్ని చదవడానికి వీల్లేకుండా దాచిపెట్టాలన్నాడు. ఆయన కోరాడు కాబట్టి తన కబురూ దాచాలని చంద్రకాంతమ్మ పట్టుబట్టింది. గోడ మీద ఊరంతా చదివే అంకెలు గాలిలో మాత్రం ఎవరూ చదవకూడదన్నమాట. ఆ వేడిలో ఇది ఎవరికీ తట్టలేదు.

అన్నీ పెట్టవచ్చు అన్నాడు చక్రధర్. అయితే ప్రతి తాళానికీ కరెంటు ఖర్చవుతుందని చెప్పాడు. ఒక పెట్టె ఇంకో పెట్టెతో మాట్లాడే ముందు నువ్వెవరు అంటే నువ్వెవరు అని అడగాలి. ఇద్దరూ పెద్ద పెద్ద లెక్కలు చేసి రుజువు చూపించాలి. తరువాత మాటను మెలిపెట్టి దాచాలి. దాని కింద సంతకం పెట్టాలి. ఇంత చెయ్యడానికి చిన్న పెట్టె చాలాసేపు మేలుకుని ఉండాలి.

"సెల్లు ఎండాకాలం దాటవేమో గౌసియమ్మా. ఒకసారి కొలిచి చూద్దాం" అన్నాడు.

"సెల్లు సంగతి నాది సారూ. నువ్వు తాళం గట్టిగా ఎయ్యి. ఈసారి ఎవుడన్నా దొంగమాట సెప్పిస్తే నా కొట్టు మూసేస్తా" అందామె.

పదిమందిలో తన పెట్టెలను జయరామ్ మోసం చెయ్యగలిగాడన్నది ఆమెకు ఎక్కడో తగిలింది. కొలిచే మనిషి కొలవలేదు. ఆమె జీవితంలో ఇలాంటి పొరపాటు ఇంకొకటి ఎవరికీ తెలియదు.

చలికాలం బాగానే గడిచింది. రెండువేల ఏడు మార్చి నెల దాటేసరికి చంద్రకాంతమ్మ పెట్టె మూగబోయింది. బోర్డు మీద ఆమె వరుసలో అంకెల బదులు గీతలు వచ్చాయి. మునిరామయ్య మనుషులు అదే పూట పోయి ఆమె ఫ్యూజులు బీరువాలో పెట్టారు. గౌసియా బీ పోయి, రెండు వర్గాల ముందు సీలు తీసి, సెల్లు మార్చింది. కొన్నాళ్లకు మళ్లీ గీతలు. మళ్లీ మార్చింది. మూడోసారి సీలు తియ్యడానికి మునిరామయ్య రాలేదు. ఊళ్లో ఇన్ని పెట్టెలుంటే ఆమె పెట్టెలోనే సెల్లు ఎందుకు చస్తున్నాయి, లోపల ఆమె ఏదో చేసింది, తాను సాక్ష్యానికి రాను అని కబురు పంపాడు. ఆయన రాకపోతే సీలు తియ్యకూడదు. సీలు తియ్యకపోతే పెట్టె మాట్లాడదు. పెట్టె మాట్లాడకపోతే మోటారు తిరగదు.

చంద్రకాంతమ్మకు ఉన్నది నిమ్మతోట. వరి అయితే ఒక పంట పోతుంది, మళ్లీ నాటుకుంటారు. నిమ్మచెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక ఎండాకాలం నీళ్లు తప్పితే ఆ ఏళ్లన్నీ పోతాయి. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. గోలీకాయంత పిందెలు రాలి చెట్ల కింద పరుచుకున్నాయి. ఆమె ఒక ముడుచుకున్న కొమ్మ విరుచుకుని రేణిగుంట బస్సెక్కింది.

కొట్టు బల్ల మీద కొమ్మ పెట్టి అడిగింది. "మునిరామయ్య నీకేమిచ్చినాడో సెప్పు బీబమ్మా. తిట్టను. తెలుసుకుందామని."

"ఏమీ ఇయ్యలా."

"మరి నా పెట్టే ఎందుకు సస్తాది? ఆయప్ప పెట్టె గుండ్రాయి మాదిరి ఉండాదే!"

 ఎందుకో తనకే తెలియనప్పుడు గౌసియా బీ చేసేది ఒకటే. తిట్టింది. తోట పెట్టుకునే మనిషికి ఊళ్లో ఒక్కరితోనన్నా పొత్తు ఉండాలంది. చంద్రకాంతమ్మ ఊరుకోలేదు. భర్త సంపాదించిన పేరును నువ్వు అమ్ముకుంటున్నావని సందంతా వినేటట్టు అంది. పోతూ పోతూ, ఆ తోట ఎండిపోయిన రోజున ఒక్కొక్క చెట్టూ తెచ్చి ఈ గడపలోనే పడేస్తానంది. కొమ్మ బల్ల మీదే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం గౌసియా బీ కొట్టు తలుపు దగ్గరగా వేసింది. కొట్టులో అదే రకం పెట్టెలు రెండు అదనంగా ఉన్నాయి. జవాబివ్వడానికి ఒకదాన్ని మూల పెట్టి, రెండోదాన్ని బల్ల మీద పెట్టి, సెల్లకూ పెట్టెకూ మధ్య మీటరు కలిపింది. ముల్లు ఎగిరింది, పడింది. ఏ పనికి ఎగిరిందో ముల్లు చెప్పదు. అప్పుడు నాయబ్ రసూల్ కాలం నాటి పాత ట్రాన్సిస్టరు దించి, స్టేషన్లు ఏవీ రాని చోటికి తిప్పి, పెట్టె పక్కన ఆనించింది. లెక్క చేసే చిప్పు పక్కన రేడియో పెడితే ఆ చిప్పు పని చేస్తున్నంతసేపూ రేడియో గురగురమంటుంది. ఒక్కో పనికి ఒక్కో గురక. ఆమె కళ్లు మూసుకుని వింది.

పెట్టె లేచింది. నీళ్లు చూసింది: టిక్కుమని చిన్న చప్పుడు. తరువాత నువ్వెవరు అన్న లెక్క మొదలైంది. అది ఉడుకుతున్న సంగటి కుండలా బుడబుడమంటూ ఎంతకీ ఆగలేదు. అది ఆగాక అవతలి పెట్టె జవాబు కోసం చెవి తెరుచుకుని ఎదురుచూసే మోత. చెవి తెరిచి ఉన్నంతసేపూ మీటరు ముల్లు పైనే ఉంది. తరువాత మాటను దాచే చప్పుడు, అది పెద్దగా లేదు. మళ్లీ సంతకం పెట్టే బుడబుడ. చివరికి అసలు కబురు చెప్పడం. అది కనురెప్ప వేసేంతలో అయిపోయింది.

గురకలన్నీ పొడవు కొలుచుకుంటూ విన్నాక ఆమెకు సంగతి తెలిసింది. సెల్లను తింటున్నది నీళ్లు చూడడం కాదు, కబురు చెప్పడం కాదు. అనుమానం తింటోంది. అందులోనూ చంద్రకాంతమ్మ పొలం పాలకేంద్రానికి ఆనుకుని ఉంది. మిట్ట మీది బోర్ల కబుర్లన్నీ ఆమె పెట్టె చేతి మీదుగా పోవాలి. వచ్చిన ప్రతి కబురునూ నువ్వెవరు అని అడిగి తీసుకోవాలి, నేను ఫలానా అని రుజువు చూపి పెద్ద పెట్టెకు అందించాలి. ఊరివాళ్లకు ఒకరి మీద ఒకరికి ఉన్న అపనమ్మకమంతా ఆ ఒక్క పెట్టె మోసింది. మునిరామయ్య పెట్టె అన్నిటికన్నా పైన ఉంది. దాని చేతి మీదుగా పోయే కబురే లేదు. అందుకే అది గుండ్రాయిలా ఉంది.

బోర్డు మీద మిట్ట అంకెలు ఇంకా వస్తున్నాయి కాబట్టి ఇంకొకటి కూడా తెలిసింది. చంద్రకాంతమ్మ పెట్టె పోయాక మిట్ట కబుర్లు ఊరికే ఆగలేదు. పక్కనే ఉన్న మునస్వామి పెట్టె మీదుగా దారి మార్చుకున్నాయి. మునస్వామి ఏ వర్గానికీ చెందని రైతు. ఇప్పుడు ఆ బరువంతా అతని పెట్టె మీద పడింది. అది పోతే పై నుంచి కిందికి దారే లేదు.

మరునాడు ఆమె మొగిలికండ్రిగ పోయి మునిరామయ్యకు ఈ మాట చెప్పింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు.

"సీలు తియ్యడానికి రా పెద్దాయనా. లేకుంటే మునస్వామిది పోతాది. ఆ ఎనక నీదీ పోతాది."

"ఏమి మే, శాపం పెడతా ఉండావా?"

"శాపం కాదు, లెక్క."

"లెక్క సెప్పేదానికి సారు ఉండాడు. నువ్వు మూకుడుకు అతుకేసుకో, పో."

జయరామ్ నవ్వాడు. ఆమె ఇద్దరినీ చూసి, మీ బోరు కన్నా మీ బుర్రలు ముందే ఎండినాయని చెప్పి వచ్చేసింది. అక్కడి నుంచి తిన్నగా చక్రధర్ దగ్గరికి పోయింది. వినమన్నది వినలేదు కదా అని ఆయన అనకుండా ఉండలేకపోయాడు. అన్నాడు. ఆమె ట్రాన్సిస్టరు తీసి బల్ల మీద పెట్టి, విను సారూ, అంది. ఆయన విన్నాడు. మొదట నవ్వు మొహంతో, తరువాత కాగితం దగ్గరికి లాక్కుని.

వాళ్లిద్దరూ కొన్ని రోజులు పోట్లాడుకుంటూనే పని చేశారు. కబురు దాచడం అనవసరమని ఆమె అంది. గోడ మీద వెలిగే అంకెను సంచిలో పెట్టి మోసుకుపోవడం ఎందుకు? దొంగది రాకుండా ఉంటే చాలు. సంచి వద్దు, ముద్ర చాలు. ఆయన ఒప్పుకుని దానికి దారి చెప్పాడు. ప్రతి పెట్టెకూ ఒక రహస్యపు మాట ఉండాలి. అది గాలిలో పోకూడదు. గౌసియా బీ స్వయంగా తీగ కలిపి పెట్టెలోనూ పాలకేంద్రంలోనూ పెట్టాలి. కబురుకూ ఆ రహస్యానికీ కలిపి లెక్క కట్టిన చిన్న ముద్ర ఒకటి ప్రతి కబురు చివరా ఉంటుంది. రహస్యం తెలియనివాడు ఆ ముద్ర వెయ్యలేడు. పాత కబురును పట్టుకుని మళ్లీ వదలకుండా ప్రతి కబురుకూ ఒక వరస అంకె. దారిలో ఉన్న పెట్టెలు ఎవరినీ ఏమీ అడగవు, అందిస్తాయి అంతే. ముద్ర చూసేది పాలకేంద్రం ఒక్కటే. దానికి గోడ కరెంటు ఉంది, ఎంతసేపైనా లెక్క చేసుకోవచ్చు. ముద్రను ఆయన పొడుగ్గా పెట్టాడు. పొడుగైన కొద్దీ రేడియో ఎక్కువసేపు అరవాలని ఆమె సగం చెయ్యమంది. సగానికి ఆయన ఒప్పుకోలేదు. ముద్ర మరీ పొట్టిదైతే జయరామ్ లాంటివాడు గుడ్డిగా ప్రయత్నించి ఎప్పుడో ఒకసారి తగిలిస్తాడన్నాడు. అక్కడ ఆయన మాటే నిలిచింది. ప్రతి కూర్పునూ ట్రాన్సిస్టరు పక్కన పెట్టి విన్నారు. ఉడికే కుండ చప్పుడు పోయి, చివరికి రెండు టిక్కులు మిగిలాయి.

ఈలోగా మునస్వామి పెట్టె మూగబోయింది. దానితో పాటు మిట్ట మొత్తం మూగబోయింది. పాలకేంద్రం బోర్డు మీద పైనుంచి కిందిదాకా గీతలే.

చంద్రకాంతమ్మ పాలచెంబు అక్కడే దించి, నలుగురిని వెంటబెట్టుకుని మిట్ట ఎక్కింది. మునిరామయ్య స్టార్టరు డబ్బా తెరిచి, తన చేత్తోనే ఫ్యూజులు ఊడబీకి కొంగున వేసుకుంది. జయరామ్ అడ్డం వచ్చాడు.

"ముట్టుకుంటివో, నువ్వు సంతకం పెట్టిన కాగితం నీ నోట్లో కుక్కుతా" అంది. "నా పెట్టె మూగబోతే నేను దొంగ. నీ పెట్టె మూగబోతే నువ్వేందిరా?"

మునిరామయ్యకు చెరుకు ఉంది. అది కూడా నీళ్లు లేకపోతే ఆగే పంట కాదు. ఆ సాయంత్రం పాలకేంద్రం ముందు రెండు వర్గాలూ కలిశాయి. కలిసింది గౌసియా బీని పట్టుకోవడానికి. ఊరు ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది అదొక్కసారే. రెండు వైపులా డబ్బు తిన్నదన్నారు. ఆటో ఎక్కి వచ్చిన ఆమెను దిగనివ్వలేదు. ఆమె ఆటోలోనే కూర్చుని చెప్పింది. సీలు తియ్యండి, తాళాలు మారుస్తాను. దాచడం ఇక ఉండదు.

"తాళం తీసేస్తే మళ్లా దొంగమాటలే గదమ్మా" అన్నాడు మునిరామయ్య. ఫ్యూజులు పోయాక ఆయన నోట మొదటిసారి అమ్మా అన్న మాట వచ్చింది.

"గోడ మీద ఉండేదాన్ని ఎవురికి కనపడకుండా దాస్తావప్పా? నీ బోరులో నీళ్లెన్నో పాలు పోసే ముసిలిదానికి గూడా తెలుసు." ఆమె జయరామ్ వైపు తిరిగింది. "ఒరేయ్, నీ మద్రాసు రేడియో ఉండాది గదా, తెచ్చుకో. ఈ చంద్రకాంతమ్మ పేరు పెట్టి నీ ఇష్టమొచ్చిన అబద్ధం సెప్పు. బోర్డు నమ్మితే నా కొట్టు తాళాలు నీకే ఇస్తా."

తాళాలు పందెం పెట్టడం ఆమె గర్వమే. మొదటిసారి ఆమెను ముంచింది కూడా ఆ గర్వమే. తేడా ఒకటే, ఈసారి ముందుగా కొలిచి వచ్చింది.

సీళ్లు తీశారు. పెట్టెలన్నిటికీ కొత్త లెక్క, కొత్త సెల్లు పెట్టడానికి కొన్నాళ్లు పట్టింది. ప్రతి పెట్టె దగ్గరా ఇటు ఒకడు, అటు ఒకడు నిలబడి ఆమె చేతులనే చూశారు. మంచినీళ్లు కావాలా అని ఎవరూ అడగలేదు. ఆమె సీసా తెచ్చుకునేది. జయరామ్ నిజంగానే రేడియో తెచ్చాడు. చంద్రకాంతమ్మ పేరు పెట్టి కబురు వదిలాడు. ముద్ర లేదని బోర్డు పట్టించుకోలేదు. నిజమైన కబురును పట్టి ఉంచుకుని మరునాడు మళ్లీ వదిలాడు. వరస అంకె పాతదని దాన్నీ తోసేసింది. ఇంకా కొన్ని పాట్లు పడి, ఒకరోజు రేడియోను మడికట్టులోకి విసిరి, తాళాలు ఆమె దగ్గరే ఉంచుకోమని మాత్రం అన్నాడు. ఆ ఎండాకాలంలోనే కాదు, ఆ తరువాత వానాకాలంలో కూడా సెల్లు మార్చాల్సిన పని పడలేదు.

ఊరు మారిందని ఎవరూ అనుకోవద్దు. మునిరామయ్య, చంద్రకాంతమ్మ పాలకేంద్రంలో ఇప్పటికీ ఒకరు పోశాక ఇంకొకరు పోస్తారు. ఒకరికొకరు ఎదురుపడరు. పెట్టెలు మాత్రం ఒకదాని కబురు ఒకటి ఏమీ అడగకుండా మోస్తున్నాయి.

నిమ్మతోటలో సగం నిలిచింది. బోరుకు దూరంగా ఉన్న వరుసలు, నీళ్లు మళ్లీ వచ్చేసరికే ఎండిపోయి ఉన్నాయి. వానలు పడ్డాక చంద్రకాంతమ్మ వాటిని కొట్టించింది. మాట తప్పే మనిషి కాదు. ట్రాక్టరు మీద మొద్దులు వేయించుకుని రేణిగుంట వచ్చి, రైలు గేటు పక్క సందులో, గౌసియా బీ కొట్టు గడప ముందు పోయించింది. జనం గుమిగూడారు.

"కొలిచి ఉంటే ఇయ్యన్నీ ఉండేటివి" అంది చంద్రకాంతమ్మ.

 గౌసియా బీ ట్రాక్టరు పోయేదాకా గడపలోనే నిలబడింది. తరువాత మొద్దులు ఒక్కొక్కటే లోపలికి మోసుకుని, గోడ వారగా పేర్చింది. కొన్ని పొయ్యిలోకి పోయాయి. ఒక మంచి ముక్కను మాత్రం ఎండబెట్టి, చెక్కి, నున్నగా గాజు పెంకుతో గీకి, సోల్డరింగు ఇనుముకు పిడి చేసుకుంది. నిమ్మకొయ్య గట్టిది, వేడికి పగలదు.

ఇప్పుడు ఎవరైనా పెట్టె తెచ్చి, గట్టి తాళం వెయ్యమంటే, ఆమె ముందు ఆ పిడి పట్టుకుంటుంది. తిట్టడం తరువాత. ముందు ట్రాన్సిస్టరు దించి, పెట్టె పక్కన పెట్టి వింటుంది.